చలికాలపు స్టీల్‌హెడ్ వేటకు నది అనువుగా ఉందో లేదో ముందుగా ఎలా తెలుసుకోవాలి?

కోనసీమ_బాథెల్:

అందరికీ నమస్కారం. మేము వాషింగ్టన్ రాష్ట్రంలోని బాథెల్‌లో ఉంటున్నాము. ఏటా ఏప్రిల్ నాలుగో శనివారం సరస్సులు తెరిచినప్పుడు పిల్లలతో వెళ్లి ట్రౌట్‌కు గాలం వేయడం నాకు బాగానే అలవాటు. ఈ చలికాలం మాత్రం స్టీల్‌హెడ్ కోసం నదికి వెళ్లాలని ఉంది. సముద్రానికి వెళ్లి ఎదిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగి వచ్చే రెయిన్‌బో ట్రౌట్‌నే స్టీల్‌హెడ్ అంటారనీ, చలికాలపు గుంపు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు నదుల్లోకి ఎక్కుతుందనీ చదివి తెలుసుకున్నాను. రాడ్డు, రీలు, వేడర్లు (నీటిలో దిగడానికి వేసుకునే తడవని తొడుగులు) సమకూర్చుకున్నాను. ఇక తేలనిది ఏ రోజు వెళ్లాలన్నదే.

యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వారి వెబ్‌సైటులో స్కైకోమిష్ నదికి గోల్డ్ బార్ దగ్గర ఉన్న కొలమానం చూస్తున్నాను. అక్కడ ఒక గ్రాఫు అడుగుల్లో, ఇంకొకటి సెకనుకు ఘనపుటడుగుల్లో, అంటే మన పత్రికల్లో రాసే క్యూసెక్కుల్లో ఉంటుంది. రెండింటిలో దేన్ని నమ్మాలి? ఎంత ఉంటే మంచిది? ఒకరు 3 వేలంటారు, ఇంకొకరు 6 వేలయినా పరవాలేదంటారు.

ఇంకొక సందేహం. మా వైపు గోదావరికి ఎర్రనీరు తగిలితే గానీ పులస సముద్రం నుంచి పైకి ఎక్కదు. వశిష్ట మీద జాలర్లు ఆ నీటి కోసమే కాచుకుని కూర్చుంటారు. స్టీల్‌హెడ్ కూడా సముద్రం నుంచి నదికి వచ్చే చేపే కాబట్టి, వాన పడి నది బురదగా పొంగినప్పుడే వెళ్లడం సరైనదని నాకు అనిపిస్తోంది. ఇక్కడి వారు మాత్రం అలాంటి రోజున ఇంటిపట్టునే ఉండమంటున్నారు. ఇందులోని మర్మమేమిటో అనుభవజ్ఞులు వివరించగలరు. నాకు పడవ లేదు, ఒడ్డు నుంచే వేయాలి. వారంలో దొరికేది ఒక్క రోజే.


మన్రో_గాలం:

కోనసీమ గారూ, మీ పులస ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. వాన పడి నది పెరిగినప్పుడు స్టీల్‌హెడ్ కూడా కదులుతుంది. నదీముఖం దగ్గర ఆగి ఉన్న కొత్త చేపలు ఆ నీటి పోటుతోనే పైకి వస్తాయి. అయితే పులసను పట్టేది వలతో. వలకు నీటి రంగుతో పని లేదు, చేప దారిలో వల ఉంటే చాలు. గాలానికి అలా కుదరదు. చేప ఎరను చూడాలి, చూసి నోరు తెరవాలి. నీటిలో చూపు అరడుగు కూడా ఆనని రోజున నది నిండా చేపలున్నా మీ జిగ్ (బరువు తల ఉన్న కృత్రిమ ఎర) వాటికి కనపడదు. పైగా నీరు ఉధృతంగా ఉన్నప్పుడు చేప ఒకచోట నిలవకుండా ఒడ్డు వెంబడి ఎగువకు సాగిపోతూనే ఉంటుంది. వరద తీసి నీరు తేరుకుంటున్నప్పుడు అది వేగం తగ్గించి మడుగుల్లో, మడుగు తోక భాగాల్లో, అంటే వాటి దిగువ కొసల్లో, ఆగుతుంది. మీరు వెళ్లవలసింది అప్పుడు. అంటే పొంగు చేపను తెస్తుంది, తగ్గుముఖం దాన్ని మీ గాలానికి అందిస్తుంది.

అందుకే గ్రాఫులో అంకె కంటే ముందు గీత ఏ వైపు వంగి ఉందో చూడండి. పైకి లేస్తున్న 3,500 క్యూసెక్కుల కంటే రెండు రోజులుగా దిగుతూ వచ్చిన 4,500 క్యూసెక్కులు నాకు ఎంతో మేలు. లేస్తున్న నది ఆకులు, పుల్లలు, ఒడ్డుమట్టి అన్నీ ఊడ్చుకుని వస్తుంది. ప్రతి విసురుకూ గాలానికి చెత్త తగులుతుంది. దిగుతున్న నది అదే మోతాదులో ఉన్నా శుభ్రంగా ఉంటుంది. మీరు విన్న ఆ అంకెలను ఎవరు ఏ సందర్భంలో చెప్పారో తెలియకుండా వింటే 3 వేలూ నిజమే, 6 వేలూ నిజమే. గోల్డ్ బార్ దగ్గర సుమారు 2 వేల నుంచి 5 వేల మధ్య దిగుతూ ఉంటే ఒడ్డు నుంచి వేసేవారికి స్కైకోమిష్ అనువుగా ఉంటుందని నా లెక్క. దీన్ని ఇంకొక నదికి తీసుకుపోకండి. ప్రతి నదికీ దాని లెక్క దానికే ఉంటుంది.

ఆ కొలమానం ఎక్కడ ఉందో కూడా గమనించాలి. వాలెస్ నది, సుల్తాన్ నది రెండూ దానికి దిగువన కలుస్తాయి. మీరు సుల్తాన్ ఊరికి దిగువన గాలం వేస్తున్నట్టయితే ఆ రెండింటి నీరూ మీ ముందు నుంచి పోతుంది గానీ గ్రాఫులో కనపడదు. సుల్తాన్ మీద పైన కల్మ్‌బాక్ ఆనకట్ట ఉంది కాబట్టి అందులోకి వచ్చే నీరు వాన మీద కంటే విడుదల మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఒక్కొక్కసారి గోల్డ్ బార్ అంకె ముచ్చటగా ఉన్నా, పక్కన కలిసే చిన్న వాగు ఒకటి మట్టిపెళ్లలు విరిగి ఎర్రగా దిగి, ఒక ఒడ్డంతా మడ్డి చేస్తుంది. అప్పుడు రెండో ఒడ్డుకు వెళ్లడమో, ఆ వాగు కలిసే చోటికి ఎగువకు వెళ్లడమో చేయాలి.

ఇంటి దగ్గర చూడవలసినది ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. అది మంచు పడే ఎత్తు. సియాటిల్ వాతావరణ కార్యాలయం సూచనల్లో వాన ఎంత పడుతుందన్న దానితో పాటు ఏ ఎత్తు నుంచి అది మంచుగా మారుతుందో కూడా చెబుతారు. ఈ నదికి ఎగువన కొండల్లో ఉన్న స్టీవెన్స్ పాస్ కనుమ ఎత్తు 4,061 అడుగులు. మంచుమట్టం 2 వేల అడుగుల దగ్గర ఉంటే కొండల మీద పడినదంతా మంచుగా నిలిచిపోతుంది. లోయలో ఎడతెరిపి లేకుండా కురిసినా నది కొద్దిగా కదిలి ఊరుకుంటుంది. అదే మంచుమట్టం 7 వేలకు ఎక్కితే, హవాయి వైపు నుంచి వెచ్చని తేమ గాలి వచ్చినప్పుడు జరిగేది అదే, కొండ మీద కూడా వానే పడుతుంది, పాత మంచు కరిగి దానికి తోడవుతుంది, తెల్లవారేసరికి నది ఒడ్డు దాటుతుంది. వాన అంగుళాలు రెండు సందర్భాల్లోనూ ఒకటే ఉండవచ్చు. అంగుళాలు మాత్రమే చూసి సెలవు పెట్టుకునే వారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

పోర్ట్‌లాండ్‌లో ఉన్న నార్త్‌వెస్ట్ రివర్ ఫోర్‌కాస్ట్ సెంటర్ వారు ముఖ్యమైన కొలమానాలకు రాబోయే రోజుల ప్రవాహ అంచనా కూడా ఇస్తారు. నది ఎప్పుడు గరిష్ఠానికి చేరుతుంది, ఎంత వేగంగా దిగుతుంది అన్నది అందులో కనిపిస్తుంది. దిగే సమయం విషయంలో అది చాలావరకు నమ్మదగినదే, గరిష్ఠం ఎంత అన్న దాంట్లో మాత్రం వాన అంచనా మారిన కొద్దీ మారిపోతుంది. బుధవారం చూసిన దాన్ని శుక్రవారం రాత్రి మళ్లీ చూడకుండా బయలుదేరవద్దు.

ఇక ఒడ్డుకు చేరాక. కారు దిగగానే గాలం వేయకండి. మోకాలి లోతు వరకు దిగి మీ బూటు ముందు భాగాన్ని చూడండి. బూటు లీలగా కనిపించి, దాని కింది గులకరాయి అంచు తెలిసీ తెలియకుండా ఉంటే నీటిలో చూపు అడుగున్నర నుంచి రెండడుగుల వరకు ఉన్నట్టు, చేప పడే నీరు అక్కడే మొదలవుతుంది. రెండు నుంచి నాలుగడుగుల చూపు, పాలు కొద్దిగా కలిపినట్టున్న నీలి ఆకుపచ్చ రంగు, ఇదీ మేము కోరుకునే నీరు. చేపకు ఎర కనిపిస్తుంది, మనిషి కనపడడు. ఒక అడుగు లోపే చూపు ఆగిపోతే రంగు ముదురు గోధుమ. ఆ రోజు టీ తాగి తిరిగి రావచ్చు. ఆరేడడుగుల లోతు దాకా నది అడుగుభాగం స్పష్టంగా కనపడితే నీరు తక్కువై, చేప బెదిరి ఉందని అర్థం.

నీటి ఉష్ణోగ్రతకు చిన్న థర్మామీటరు జేబులో పెట్టుకోండి. సుమారు 40 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య చేప చురుకుగా ఉంటుంది. 36, 37కు పడిపోయిందంటే ఎర ముక్కు ముందుకు వచ్చినా కదలడానికి బద్ధకిస్తుంది. అలాంటి రోజున తెల్లవారుజామున వణుకుతూ నిలబడటం దండగ. మధ్యాహ్నానికి నీరు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడినప్పుడు, నెమ్మదిగా కదిలే లోతైన నీటిలో, ఎరను వీలైనంత నిదానంగా పోనివ్వండి. ఉష్ణోగ్రత ఎంత అన్న దాని కంటే పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఇక్కడ కూడా ఎక్కువ ముఖ్యం. రాత్రికి రాత్రి చల్లబడిన 41 కంటే, రెండు రోజులుగా పెరుగుతూ వచ్చిన 39 నయం.


విశ్రాంత_ఇంజనీరు:

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం మా అమ్మాయి దగ్గర పోర్ట్‌లాండ్‌లో ఉన్నాను. గాలం సంగతి నాకు తెలియదు గానీ, అడుగులా క్యూసెక్కులా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చనిపించి రాస్తున్నాను.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారన్నది మనందరికీ తెలిసినదే. ఆ 43 అడుగులు నది లోతు కాదు. ఒక స్థిరమైన ఆధార మట్టం నుంచి నీటి ఉపరితలం ఎంత ఎత్తున ఉందన్నది మాత్రమే. ఇక్కడి కొలమానాలకు కూడా ఇదే సూత్రం. ఇక్కడ ఒరెగాన్‌లోని విల్సన్ నది 5 అడుగులు అంటే నదిలో ఐదడుగుల నీరుందని కాదు. ఒక నది 5 అడుగులనూ ఇంకొక నది 5 అడుగులనూ పోల్చడానికి అసలే వీలు లేదు. ఒక్కొక్క దాని ఆధార మట్టం వేరు.

కొలమానం నేరుగా కొలిచేది ఈ ఎత్తునే, సాధారణంగా 15 నిమిషాలకు ఒకసారి. క్యూసెక్కులను అది కొలవదు. సిబ్బంది అప్పుడప్పుడూ వెళ్లి ప్రవాహవేగం, వెడల్పు, లోతు కొలిచి, ఏ ఎత్తుకు ఎంత ప్రవాహం ఉంటుందో ఒక వక్రరేఖ తయారు చేస్తారు. ఎత్తును ఆ రేఖ మీద పెట్టి క్యూసెక్కులు లెక్కగడతారు. పెద్ద వరద వచ్చి నది అడుగున గులకను కోసివేసినా, మేటలు వేసినా ఆ రేఖ తప్పుతుంది. అదే 5 అడుగులకు నిరుటి కంటే ఎక్కువ నీరో తక్కువ నీరో పోతూ ఉంటుంది. కొత్తగా కొలిచి సవరించేవరకు ఆ తేడా ఉండిపోతుంది. ఆ అంకెల పక్కన అవి తాత్కాలికమని రాసి ఉండటానికి ఇదొక కారణం. అందువల్ల ఏళ్ల తరబడి పోల్చి చూసేటప్పుడు క్యూసెక్కులే మేలు. ఈ వారం నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చేటప్పుడు మాత్రం అడుగులైనా ఒకటే. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వార్తలు చదివిన మనకు 4 వేలు పిల్లకాలువలా అనిపించవచ్చు. రాళ్ల మధ్య ఇరుకుగా, వాలుగా దూకే ఏటిలో 4 వేలు మనిషిని నిలవనివ్వవు.

మరొక విషయం. వరద తగ్గడం తిన్నని గీతలా ఉండదు. గరిష్ఠం దాటిన తొలి రోజున ఎక్కువ పడిపోతుంది, తరువాత రోజురోజుకూ తగ్గే పరిమాణం చిన్నదవుతుంది. ఉదాహరణకు 12 వేల నుంచి ఒక్క రోజులో 8 వేలకు దిగిన నది, మరునాడు 5,800కు, ఆ మరునాడు 4,600కు రావచ్చు. ప్రతి రోజూ 4 వేలు తగ్గుతుందని లెక్క వేసుకుంటే తప్పుతుంది. నేల అప్పటికే నీరు తాగి ఉంటే, అంటే నవంబరు తొలి వానలకూ జనవరి వానలకూ ఉన్న తేడా, ఒకే వానకు జనవరిలో నది ఎక్కువ లేస్తుంది, నెమ్మదిగా దిగుతుంది.

నీటిలోకి దిగడం గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ప్రవాహం కొలిచే సిబ్బంది పాటించే ఒక ముతక లెక్క ఉంది. లోతును అడుగుల్లో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని రెండింటినీ గుణిస్తే పదికి చేరినా దాటినా ఆ నీటిలో దిగరాదు. వేగం కొలవడానికి ఏ పరికరమూ అక్కరలేదు. ఒడ్డున 20 అడుగుల దూరం కొలిచి గుర్తు పెట్టుకుని, ఒక పుల్లను నీటిలో వదలండి. అయిదు సెకన్లలో దాటితే సెకనుకు 4 అడుగులు. అప్పుడు రెండున్నర అడుగుల లోతే మీ హద్దు, అది మోకాలికి కాస్త పైన. లోపలి సగటు వేగం ఉపరితలం కంటే కొంచెం తక్కువే ఉంటుంది గానీ ఆ కాస్త తేడాను మీ భద్రతకే వదిలేయండి. వేగం రెట్టింపయితే నీటి తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పదిమంది నీటిలోకి దిగి ఉన్నారని చూసి మీరు దిగవద్దు, వారి కాళ్ల కింద ఏముందో మీకు తెలియదు.


హిల్స్‌బరో_వాసి:

పెద్దాయన గారికి నమస్కారాలు. విల్సన్ పేరు ఎత్తారు కాబట్టి ఒరెగాన్ వైపు సంగతి కలుపుతాను.

మాకు తీరంలో టిల్లమూక్ చుట్టూ నదులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అదృష్టమేమంటే అవి ఒకేసారి తేరుకోవు. వాన ఆగాక ముందు కిల్చిస్, నెకానికం వంటి చిన్న ఏర్లు తేటపడతాయి, ఆ తరువాత విల్సన్, ట్రాస్క్, నెస్టక్కా, అందరికంటే ఆఖరున నెహేలం. నెహేలం పొడవు 119 మైళ్లు, తీరపు కొండల లోపలి నుంచి చుట్టి వస్తుంది, అంత నేల నుంచి మట్టి కడుక్కుని రావడానికీ, అది దిగిపోవడానికీ రోజులు పడుతుంది. చిన్న ఏరు తేరుకున్న రోజున నెహేలం ఇంకా కాఫీ రంగులోనే ఉంటుంది. నెహేలం కుదుటపడే నాటికి చిన్న ఏర్లు అద్దంలా తేటపడి చేపలు రాళ్ల చాటుకు పోతాయి. అందుచేత నాకున్న సెలవు ఏ రోజో ముందు తెలుస్తుంది, ఆ రోజుకు వాన ఆగి ఎంత సేపవుతుందో లెక్కవేసి నదిని ఎంచుకుంటాను. మన్రో గారు నదిని స్థిరంగా ఉంచి రోజును వెతుకుతున్నారు. మీకు వారంలో ఒక్క రోజే దొరుకుతుంది కాబట్టి రోజును స్థిరంగా ఉంచి నదిని వెతకడం మీకు ఎక్కువ పనికొస్తుంది.

విల్సన్‌కు టిల్లమూక్ దగ్గరి కొలమానంలో అయిదు అడుగుల దరిదాపుల్లో, దిగుతూ ఉంటే చాలామంది సంతోషిస్తారు. నాలుగుకు దిగువన ఉంటే ఒడ్డు నుంచి వేసేవారు మడుగు తలభాగాన, నురగ కింద, నీడ ఉన్న చోట వెతకాలి. సన్నని లీడరు (గాలానికి ముందు కట్టే దారం), చిన్న జిగ్ లేదా చేపగుడ్డులా కనిపించే ఒక్క పూస చాలు.

ఒక విషయంలో మాత్రం మన్రో గారితో విభేదిస్తాను. చూపు అడుగు లోపే ఉంటే టీ తాగి రావడమేనని వారన్నారు. పూర్తిగా గోధుమ రంగైతే నిజమే. చూపు ఒక అడుగు ఉండి నది ఎత్తుగా ఉన్న రోజు ఒడ్డు నుంచి వేసేవారికి అనుకూలమనే నేనంటాను. నది మధ్యలో ఉధృతి భరించలేక చేప ఒడ్డు పక్కకు వచ్చేస్తుంది. వంపు లోపలివైపు, చెట్టు వేళ్ల వెనుక, మామూలు రోజున పొడిగా ఉండే గులక మీద పారుతున్న మోకాలి లోతు నీటిలో కూడా ఉంటుంది. నీళ్లలోకి దిగవలసిన అవసరమే ఉండదు. దిగితే చేప ఉన్న చోటే తొక్కుతారు. బరువైన సీసంతో, నీటిలో తిరిగే పెద్ద రెక్కల ఎరను ఒడ్డుకు పది పన్నెండు అడుగుల దూరంలో నిలబెట్టి, రాడ్డును ఊతకొమ్మకు ఆనించి కూర్చునే పద్ధతి అందుకే పుట్టింది. నిలబడి విసరడం ఇష్టమున్న వారికి అది వేటలా అనిపించదు, ఆ మాట ఒప్పుకుంటాను.


మన్రో_గాలం:

హిల్స్‌బరో గారి మాటలో న్యాయముంది. ఒక్క అడుగు చూపున్న దిగుతున్న నదిని నేను కాదనను. నేను చెప్పినది అంతకంటే మడ్డిగా ఉన్న నీటి గురించి. నదిని వెతకడమనే సలహా మా వైపు కూడా పనిచేస్తుంది గానీ ఇక్కడి నదుల స్వభావం వేరు. పశ్చిమ తీరం వైపున్న ఫోర్క్స్ ఊరి చుట్టుపక్కల సోల్ డక్, కాలవా నదులు త్వరగా తేరుకుంటాయి, బోగాచీల్ కాస్త ఆలస్యం, హో మరీ ఆలస్యం. హో నది ఒలింపస్ పర్వతపు హిమానీనదాల నుంచి వస్తుంది. రాతిపిండి కలిసిన ఆ నీటికి ఎప్పుడూ ఒక బూడిదరంగు ఉంటుంది. పైన ఒడ్డు విరిగితే ఇక చెప్పనక్కరలేదు. హో వర్షారణ్యంలో ఏడాదికి సగటున 140 అంగుళాల వాన. అయితే గట్టి చలి పట్టి మంచుమట్టం కిందికి దిగినప్పుడు పైన కరగడం ఆగిపోయి, అదే హో అందరినీ ఆశ్చర్యపరిచేంత చక్కని రంగుకు వస్తుంది. చలిగాలి వీస్తోందని మిగతావారు ఇంట్లో కూర్చునే రోజులవి.

దక్షిణాన కౌలిట్జ్ నది పూర్తిగా వేరు. పైన ఆనకట్టలున్నాయి కాబట్టి మేఫీల్డ్ ఆనకట్ట నుంచి ఎంత వదులుతారన్నదే అక్కడి అంకె. చుట్టుపక్కల నదులన్నీ పొంగినప్పుడు కౌలిట్జ్ ఎగువభాగం వేటకు అనువుగా ఉండటం మామూలే. దిగువన టూటిల్ నది కలిసిన తరువాతి సంగతి వేరు, 1980లో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద, మట్టి టూటిల్ ఇప్పటికీ మోసుకొస్తూనే ఉంది.


కోనసీమ_బాథెల్:

అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారి వివరణతో అడుగుల గ్రాఫు మొదటిసారి అర్థమైంది. ఇప్పుడు నా ముందున్న సంగతి చెబుతాను. అంచనా ప్రకారం స్కైకోమిష్ గురువారం తెల్లవారుజామున గోల్డ్ బార్ దగ్గర 11 వేలకు చేరి, శనివారం ఉదయానికి 5,500కు దిగుతుంది. ఆదివారం రాత్రి ఇంకొక వాన ఉంది, మంచుమట్టం 3 వేల అడుగులంటున్నారు. నాకు శనివారమో ఆదివారమో ఏదో ఒకటే కుదురుతుంది. ఏది ఎంచుకోవాలి? ఫోర్క్స్ వైపు వెళ్లడం మేలా?


మన్రో_గాలం:

ఆదివారం వెళ్లండి, స్కైకోమిష్‌కే వెళ్లండి. శనివారం 5,500 అంటే ఇంకా ఎత్తు, చూపు అడుగు దాటకపోవచ్చు. ఇంజనీరు గారు చెప్పిన లెక్క ప్రకారం అక్కడి నుంచి తగ్గుదల నెమ్మదిస్తుంది కాబట్టి ఆదివారం ఉదయానికి 4,500 దరిదాపుల్లో ఉంటుంది. రంగు మాత్రం ఆ ఒక్క రోజులో అంకె కంటే ఎక్కువగా మారుతుంది. తరువాతి వాన ఆదివారం రాత్రికి గానీ రాదు, వచ్చినా 3 వేల అడుగుల మంచుమట్టంతో నది పెద్దగా లేవదు. అది సాయంత్రానికే వచ్చేలా ఉందేమో శనివారం రాత్రి ఒకసారి చూసుకోండి. అలా అయితే శనివారమే వెళ్లి, హిల్స్‌బరో గారు చెప్పినట్టు ఒడ్డు పక్కనే, పెద్ద ఎరతో వేయండి. నీటిలో దిగవద్దు. ఫోర్క్స్‌కు బాథెల్ నుంచి మూడున్నర గంటలకు పైగా పడుతుంది, ఒక్క రోజు సెలవుకు అంత దూరం నేనైతే వెళ్లను.

మీరు నడిచే వేగంతో నీరు పారుతున్న చోట, మూడు నుంచి ఆరడుగుల లోతున బెండు వేయండి. బెండు మీ పక్కనే నడుస్తున్నట్టు సాగితే ఆ నీరు సరైనది. అది మిమ్మల్ని దాటి పరిగెత్తితే ఇంకొంచెం ఒడ్డు పక్కకు రండి. వేస్తూ ఉండగా నీటిలో ఆకులు, సన్న పుల్లలు ఉన్నట్టుండి ఎక్కువైనా, మీరు నిలబడిన రాయి తడి గీత మునిగినా పైన నది లేస్తోందని అర్థం, వెంటనే ఒడ్డెక్కండి. వేడర్ల నడుముకు బెల్టు బిగించుకోవడం మరవద్దు.

బయలుదేరే ముందు రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ వారి అత్యవసర నిబంధనలు ఆ వారానివే చూడండి. ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్ 2007 నుంచి సమాఖ్య చట్టం కింద ముప్పులో ఉన్న జాతిగా నమోదై ఉంది. అడవి చేపలు గుడ్లు పెట్టే కాలానికి ముందే ఇక్కడి నదులను భాగాలవారీగా మూసేస్తారు. తీరపు నదుల్లోనైతే 2020-21 సీజను నుంచి పడవలోంచి వేయడం మీద, ఎరల మీద అదనపు ఆంక్షలు వచ్చాయి. మంచినీటి లైసెన్సుతో పాటు పట్టిన చేపలను నమోదు చేసే క్యాచ్ రికార్డు కార్డు కూడా జేబులో ఉండాలి. వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న కొవ్వురెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ చేప, నిబంధన ఒప్పుకుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ రెక్క ఉంటే అడవి చేప, దాన్ని పూర్తిగా నీటిపైకి ఎత్తడం కూడా నేరమే. ఫొటో కావాలంటే నీటిలో ఉండగానే తీసి, తల ఎగువ వైపు ఉంచి పట్టుకుని, దానంతట అది తోక విదిల్చేదాకా వదలకండి.


కోనసీమ_బాథెల్:

అలాగేనండి. ఆదివారానికే పెట్టుకున్నాను, శనివారం రాత్రి అంచనా మళ్లీ చూస్తాను. సుల్తాన్ ఊరికి ఎగువన వేయాలా దిగువన వేయాలా అన్నది అక్కడి నీటి రంగు చూశాక నిర్ణయించుకుంటాను.